టీసీలు రాయకముందే ఈ ఉత్తరం చదువమ్మా

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ మెసేజ్ రాత్రే చూశాను. తొమ్మిదో తరగతి అబ్బాయి బ్యాగులో వేప్, అదే బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్, దొరికిందనీ, వాడితో పాటు ఇంకో నలుగురి పేర్లు బయటికొచ్చాయనీ, అందులో ఒకడు ఏడో తరగతి వాడనీ, సోమవారం లోపు ఐదుగురికీ టీసీలు ఇచ్చెయ్యమని మేనేజ్‌మెంట్ ఒత్తిడి చేస్తోందనీ రాశావు. ఫోన్లో చెప్పొచ్చు గానీ, ఇందులో మీ కరస్పాండెంట్ గారికి చూపించాల్సిన సంగతులు కూడా ఉన్నాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను.

టీసీలు ఇవ్వొద్దు. జాలిపడి చెబుతున్న మాట కాదిది. ఐదుగుర్నీ పంపేస్తే బడి శుభ్రపడుతుందని ఆయన అనుకుంటున్నారు. జరిగేది వేరు. ఆ పిల్లలు పక్క వీధిలో ఇంకో బడిలో చేరతారు. అలవాటు వాళ్లతోనే వెళ్తుంది. అక్కడ వాళ్ల సంగతి ఎవరికీ తెలీదు కాబట్టి మానిపించే నాథుడు ఉండడు. ఇక్కడ మిగిలిన పిల్లలకి అర్థమయ్యేది ఒక్కటే, దొరక్కుండా తాగాలని. రేపు ఏ పిల్లకైనా బాత్రూములో కళ్లు తిరిగి పడిపోయినా పక్కనున్న స్నేహితురాలు నీ దగ్గరికి పరుగెత్తుకు రాదు. టీసీ ఇస్తారని భయపడి దాచిపెడుతుంది. నాకు అన్నిటికంటే భయం వేసేది అక్కడే.

ఏడో తరగతి పిల్లవాడి విషయంలో అయితే ఆలోచించాల్సిన పని కూడా లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం 8వ తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ బడి నుంచి తీసెయ్యకూడదు. కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అని కూడా 2009 నాటి ఆ చట్టమే చెబుతోంది. ఈ ముక్క కరస్పాండెంట్ గారికి మెత్తగానే చెప్పు, కానీ తప్పకుండా చెప్పు.

ఇంతకీ ఆ వస్తువు ఇప్పుడెక్కడుంది? నీ టేబుల్ సొరుగులో ఉంటే ఇవాళే తీసెయ్యి. స్టాఫ్ రూములో ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూడ్డాలు వద్దు. లోపలున్నది నికోటిన్, అంటే పొగాకులో అలవాటు పట్టించే పదార్థం, కలిసిన ద్రవం. కారి చేతికంటితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. చిన్న క్లాసు పిల్లలెవరికైనా దొరికి ఆ ద్రవం నోట్లోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. పైగా లిథియం బ్యాటరీ ఉంటుంది, చెత్తతో పాటు పారెయ్యకూడదు, కాల్చకూడదు. ఒక కవర్లో పెట్టి, తేదీ, దొరికిన చోటు రాసి, ఇద్దరు టీచర్ల సంతకాలు తీసుకుని బీరువాలో తాళం వెయ్యి. ఎక్కడ కొన్నారో తేలాక పోలీసుల చేతికి ఇవ్వాల్సింది అదే.

ఇక పిల్లలతో మాట్లాడటం. ఐదుగుర్నీ వరసగా నిలబెట్టి అడిగితే ఒక్కడూ నిజం చెప్పడు. ఒక్కొక్కర్ని విడిగా పిలువు. ఎదురుగా ఒక్క మనిషే ఉండాలి. ఆ మనిషి ప్రిన్సిపాలే కానక్కర్లేదు. పిల్లవాడు ఎవరి దగ్గర మనసు విప్పుతాడో వాళ్లు, పీఈటీ సార్ అయినా, లైబ్రరీ టీచరయినా సరే. ఎవరూ ఫోన్లో వీడియో తియ్యకూడదు. ప్రేయర్లో ముందుకు పిలవకూడదు. "ఎందుకు చేశావురా ఈ పని" అని మొదలుపెట్టకండి. ఆ ప్రశ్నకి వాడి దగ్గర జవాబు ఉండదు, తల దించుకుంటాడంతే. ముందు, "నిన్ను బడి నుంచి పంపించడం లేదు. నీతో మాన్పించాలనుకుంటున్నాం" అని చెప్పండి. ఆ మాట విన్నాక పిల్లవాడి భుజాలు దిగుతాయి. అప్పుడు అడగాలి.

ఏం అడగాలో కూడా చెబుతాను. పొద్దున నిద్ర లేచాక ఎంతసేపటికి మొదటిసారి పీలుస్తావు? ఒక్కడివే ఉన్నప్పుడు కూడా తాగుతావా, ఫ్రెండ్స్‌తో ఉన్నప్పుడేనా? రెండ్రోజులు దొరక్కపోతే ఎలా ఉంటుంది? మానేద్దామని ఎప్పుడైనా ప్రయత్నించి మళ్లీ మొదలుపెట్టావా? లేచిన అరగంటలోపే కావాల్సొస్తోందంటే అలవాటు బాగా ముదిరినట్టు. ఫ్రెండు పుట్టినరోజున రెండు దమ్ములు లాగినవాడూ, దిండు కింద పెట్టుకుని పడుకునేవాడూ ఒకటి కాదు. ఐదుగురికీ ఒకే శిక్ష అన్నప్పుడు ఈ తేడా ఎవరికీ కనపడదు. మొదటివాడికి మాట చాలు. రెండోవాడికి వైద్యం కావాలి.

రిటైరయ్యాక హైదరాబాద్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు దగ్గర్లో ఒక బడికి వెళ్లి పిల్లలతో మాట్లాడేదాన్ని, నీకు తెలుసుగా. వేప్ అనేదాన్ని చేత్తో పట్టుకుని చూసింది అక్కడే. హైలైటర్ పెన్ను అంత ఉంది. పీలిస్తే అవతలి కొసన నీలం లైటు వెలుగుతుంది. వాసన చూస్తే మామిడిపండు చాక్లెట్ వాసన. బీడీ, సిగరెట్లలాగా వేళ్లకీ, చొక్కాకీ కంపు పట్టదు. ఇంట్లో తల్లికి ఎలా తెలుస్తుంది?

ఆ బడిలో ఒక పిల్లవాడు రోజూ నాలుగో పీరియడ్‌లో బాత్రూముకి అడిగేవాడు. అప్పటిదాకా కుదురుగా ఉన్నవాడు మూడో పీరియడ్ సగం దాటేసరికి కాలు ఊపడం, పెన్ను మూత కొరకడం, పక్కవాడి మీద విసుక్కోవడం. వెళ్లొచ్చాక ఓ గంట ప్రశాంతం. లెక్కల సార్ వాడికి చదువంటే శ్రద్ధ లేదన్నారు. శ్రద్ధ కాదు, నికోటిన్. ఒంట్లోకి వెళ్లిన నికోటిన్ దాదాపు రెండు గంటల్లో సగానికి తగ్గిపోతుంది. ఇంటి దగ్గర బస్సెక్కే ముందు పీల్చినవాడికి మూడో పీరియడ్‌కల్లా తగ్గి చిరాకు మొదలవుతుంది. మీ బడిలోనూ బాత్రూముకి వెళ్లే వేళలు ఓ వారం గమనించండి. మాటిమాటికీ దాహం, నోరు ఎండిపోవడం, పొడి దగ్గు, ఆటలో ఇదివరకటి దమ్ము లేకపోవడం, బాత్రూములో పళ్ల వాసనో, పుదీనా వాసనో రావడం ఇవన్నీ కూడా చూడాల్సినవే. ఒక్కటి కనపడగానే నింద వెయ్యకండి. దగ్గుకి వంద కారణాలు ఉంటాయి.

ఆ పిల్లవాడు నాతో, "టెన్షన్ తగ్గుతుంది మేడమ్, అది లేకపోతే చదవలేను" అన్నాడు. అబద్ధం కాదు, వాడికి నిజంగా అలాగే అనిపిస్తుంది. పిల్లలకి విప్పి చెప్పాల్సింది ఇదే. వేప్ పీల్చిన కొన్ని సెకన్లలోనే నికోటిన్ మెదడుకి చేరుతుంది. రోజూ అందుతూ ఉంటే మెదడు దానికోసం కొత్త గ్రాహకాలు, అంటే నికోటిన్‌ని అందుకునే ద్వారాల్లాంటివి, తయారుచేసుకుంటుంది. అది అందనప్పుడల్లా అవన్నీ గోల పెడతాయి. ఆ గోలకే పిల్లవాడు టెన్షన్ అని పేరు పెట్టుకున్నాడు. మళ్లీ పీలిస్తే గోల తగ్గుతుంది, హాయిగా ఉంటుంది. అంటే నికోటిన్ తను పెట్టిన టెన్షన్‌నే తను తగ్గిస్తోంది. ఈ లెక్క కాగితం మీద గీసి, పొద్దున ఏడు, పది, మధ్యాహ్నం ఒంటిగంట అని గంటలు వేసి చూపించాను. వాడు చాలాసేపు ఆ కాగితం వైపే చూశాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్ బొమ్మలు చూపించినప్పుడు పక్కకి చూసిన పిల్లాడే. పద్నాలుగేళ్ల వాడికి యాభయ్యో ఏట వచ్చే జబ్బు గురించి చెబితే తలకెక్కదు. ఇవాళ నాలుగో పీరియడ్‌లో తనకేం జరుగుతోందో చెబితే ఎక్కుతుంది. మెదడులో ముందు వెనకలు ఆలోచించే భాగం పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. అందుకే మనలాంటి వాళ్లకంటే ఈ వయసు వాళ్లకి తొందరగా పట్టుకుంటుంది.

"ఇది ఆవిరే కదా, పొగాకు కాదు కదా" అని తల్లిదండ్రులే అంటారు. మనిద్దరం ఒంగోలు వైపు బడుల్లో పనిచేసినవాళ్లం, ఈ మాట మన దగ్గర చెల్లదు. రెలుపుల కాలంలో, అంటే పొగాకు ఆకులు తెంపే రోజుల్లో, మంచు పట్టిన పచ్చాకు కోసే కూలీలకి కళ్లు తిరగడం, వాంతులు అవడం చూశాం. వాళ్లు ఆ ఆకు తాగలేదు, నమల్లేదు. తడి ఆకు మీదున్న నికోటిన్ చర్మం లోంచి ఒంట్లోకి దిగింది. అదే నికోటిన్‌ని ద్రవంలో కలిపి, మామిడి వాసన అద్ది, పిల్లల ఊపిరితిత్తుల్లోకి పంపుతున్నారు. పైగా ఇప్పుడొచ్చే వాటిల్లో నికోటిన్‌కి ఒక ఆమ్లం కలిపి లవణంగా మారుస్తారు. దాంతో గొంతు మండదు. మొదటి సిగరెట్‌కి పిల్లవాడు దగ్గి దగ్గి పారేసే అవకాశమైనా ఉండేది. ఇందులో ఆ అడ్డు కూడా లేదు. అమెరికాలో 2015లో వచ్చిన జూల్ అనే వేప్‌లో పెట్టే ఒక్క పాడ్‌లో, అంటే ద్రవం నింపిన చిన్న డబ్బీలో, ఇంచుమించు ఒక సిగరెట్ పెట్టెకి సరిపడా నికోటిన్ ఉంటుందని ఆ కంపెనీ వాళ్లే చెప్పుకున్నారు. 2019 నాటికి అక్కడి హైస్కూలు పిల్లల్లో 27.5 శాతం మంది వేప్ తాగుతున్నట్టు ప్రభుత్వ సర్వేలో తేలింది. తర్వాత గట్టిగా పూనుకుంటే 2024లో 7.8 శాతానికి దిగింది. తగ్గించడం చేతనయ్యే పనే అని కరస్పాండెంట్ గారికి చెప్పడానికి ఈ అంకె పనికొస్తుంది.

ఇంకొక్క ప్రశ్న ఆ పిల్లల్ని తప్పకుండా అడుగు, కానీ గదమాయించకుండా. అందులో గంజాయి నూనె ఏమైనా ఉందా, ఎవరైనా పోసి ఇచ్చారా అని. 2019, 2020 నడుమ అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని రెండువేల ఎనిమిది వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ఎక్కువ కేసులు గంజాయి మత్తు పదార్థం ఉన్న ద్రవాల్లో కలిపిన విటమిన్ ఇ అసిటేట్ వల్ల వచ్చినవి. దొంగచాటుగా వచ్చే సరుకులో ఏం కలిపారో అమ్మేవాడికే తెలీదు. ఆయాసం, ఛాతీలో నొప్పి, జ్వరంతో వాంతులు ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, వేప్ సంగతి డాక్టరుకి దాచకుండా చెప్పాలి.

తల్లిదండ్రుల్ని ఒక్కో కుటుంబాన్ని విడిగా పిలువు. వాళ్లు రాకముందే పిల్లవాడితో, "మీ అమ్మానాన్నలకి చెప్పక తప్పదు. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా" అని అడుగు. తండ్రి ఆఫీసు రూములోనే చెయ్యెత్తుతాడు, చూస్తూ ఉండు. ఆపు. "ఇంటికెళ్లాక కూడా చెయ్యి చేసుకోనని నాకు మాటివ్వండి" అని అడుగు. మనం అడిగితే చాలామంది ఆగుతారు. ఆ తండ్రి జేబులో సిగరెట్ పెట్టె ఉంటే దాని గురించీ మాట్లాడాలి, పిల్లవాడి ముందు మాత్రం కాదు. కొడుకుతో పాటు తనూ మానేస్తానన్న తండ్రి ఇంట్లో పని సగం తేలికవుతుంది. మరీ మానలేనంటే కనీసం ఇంట్లో తాగొద్దనీ, పిల్లాడితో తెప్పించుకోవద్దనీ ఒప్పించు. తల్లులు ఎక్కువగా ఏడుస్తారు, తమ పెంపకం మీద వేసుకుంటారు. "మీ అబ్బాయి చెడిపోలేదమ్మా, ఒక మందుకి అలవాటు పడ్డాడు" అని చెప్పు. అది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు, ఉన్నమాట.

మానడానికి ఒక తేదీ పెట్టుకోవాలి. వారం, పది రోజుల్లోపు, పరీక్షలు లేని వారం చూసి. ఆ తేదీ పిల్లవాడే పెట్టుకోవాలి. ఫోన్లోంచి అమ్మేవాడి నంబరు, ఆ గ్రూపులు తీసెయ్యాలి. మొదటి రెండు, మూడు రోజులు చాలా కష్టం. చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, ఆకలెక్కువవడం, పుస్తకం మీద దృష్టి నిలవకపోవడం. ఇవన్నీ మూడు, నాలుగు వారాల్లో చాలామటుకు తగ్గిపోతాయి. ఆ రోజుల్లో క్లాసు టీచర్లు హోంవర్క్ మీద గట్టిగా పట్టకుండా నువ్వే చెప్పాలి. కావాలనిపించే తపన వచ్చినప్పుడు అది ఐదు నిమిషాలకి మించి అదే జోరులో ఉండదు. ఆ ఐదు నిమిషాలు దాటించడమే మొత్తం పని. మంచినీళ్లు తాగడం, సోంపు నమలడం, గాఢంగా ఊపిరి పీల్చి వదలడం, లేచి గ్రౌండు చుట్టూ ఒక రౌండు కొట్టి రావడం. క్లాసులో ఉన్నప్పుడు వస్తే చెయ్యెత్తితే చాలు, కారణం అడక్కుండా పీఈటీ సార్ దగ్గరికి పంపే ఏర్పాటు ఉంటే ఇంకా మంచిది. ఒకసారి జారి మళ్లీ తాగితే, "ఇంతేరా నువ్వు" అనకండి. ఏ రోజు, ఏ వేళ, ఎవరితో ఉన్నప్పుడో అడిగి రాసుకుని మర్నాడు మళ్లీ మొదలుపెట్టించండి. నికోటిన్ లేని వేప్, మూలికల వేప్ అంటూ ఇంకోటి చేతికివ్వొద్దు. ఆ చెయ్యి, నోరు అలవాటు అలాగే మిగిలిపోతుంది. నికోటిన్ చూయింగ్ గమ్ మందుల షాపుల్లో దొరుకుతుంది కదా అని తల్లిదండ్రులు సొంతంగా కొనివ్వకూడదు, ఈ వయసుకి డాక్టరు చెబితేనే. పొగాకు మానేవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356. మనసు బాగోలేక, దిగులుతో దీనికి అలవాటు పడినవాళ్లయితే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ 14416 ఉంది, అందులో తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ పలుకుతుంది. రెండు నంబర్లూ బాత్రూముల బయట, పిల్లల కంటికి ఆనేంత ఎత్తులో రాయించు.

బాత్రూముల్లో కెమెరాలు పెడదామని ఎవరో అన్నారని రాశావు. వద్దే వద్దు. ఆడపిల్లలు, మగపిల్లలు ఎవరి బాత్రూమయినా సరే, ఆ ఆలోచన అక్కడే తుంచెయ్యి. వేప్ ఆవిరిని పసిగట్టే సెన్సర్లు కూడా వచ్చాయి, కొనదల్చుకుంటే కొననీ. అవి ఆవిరి వచ్చిందని మోగుతాయి, ఎవరు, ఎందుకు తాగారో చెప్పవు. ఆ డబ్బుతో ఒక కౌన్సెలర్‌ని వారంలో రెండు రోజులు పెట్టుకున్నా ఎక్కువ మేలు.

ఇక అమ్మేవాడు. నీ కోపం, మేనేజ్‌మెంట్ కోపం మొత్తం వెళ్లాల్సింది అటు. మన దేశంలో ఈ-సిగరెట్లు తయారుచెయ్యడం, దిగుమతి చెయ్యడం, అమ్మడం, పంచిపెట్టడం, ప్రకటనలు ఇవ్వడం అన్నీ 2019 నుంచి నిషేధం. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా. మళ్లీ దొరికితే మూడేళ్లు, ఐదు లక్షలు. పిల్లలకి పొగాకు ఉత్పత్తులు ఇచ్చినవాడికి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన శిక్ష పడొచ్చు. బడికి వంద గజాల లోపు సిగరెట్లు, గుట్కా, ఖైనీ ఏ పొగాకు సరుకూ అమ్మకూడదని 2003 చట్టం. నువ్వే ఒకరోజు గేటు దగ్గర్నుంచి నడిచి చూడు, వంద గజాల్లో ఎన్ని డబ్బాలున్నాయో. పిల్లలు ఎక్కడ కొన్నారో చెప్పడానికి భయపడతారు. "నీ పేరు బయటికి రాదు" అని చెబితే ఆ మాట మీద నిలబడాలి. పోలీసులకి ఫిర్యాదు బడి తరఫున, లెటర్‌హెడ్ మీద, మీ సంతకంతో వెళ్లాలి. పిల్లవాడి పేరు అందులో అక్కర్లేదు. ఒక కాపీ మండల విద్యాధికారికి కూడా పంపు.

బయటివాళ్ల మీద ఫిర్యాదు రాసే ముందు మన ఇల్లు చూసుకోవాలి. సైకిల్ స్టాండ్ వెనక సిగరెట్ కాల్చే సార్లు, గుట్కా నమిలే వ్యాన్ డ్రైవర్లు ఉంటే వాళ్లని పిలిచి మాట్లాడు. పొగాకు రహిత విద్యాసంస్థ అని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలున్నాయి. గేటు దగ్గర బోర్డు, పర్యవేక్షకుడిగా ఒక టీచరు పేరు, బడి చుట్టూ వంద గజాల గుర్తు, ఇవన్నీ అందులో ఉంటాయి. అందులో చెప్పిన నియమం సిబ్బందికి కూడా వర్తిస్తుంది.

పిల్లలందరికీ చెప్పడం తొమ్మిదో తరగతిలో మొదలుపెడితే ఆలస్యం. 2019లో దేశవ్యాప్తంగా 13 నుంచి 15 ఏళ్ల బడి పిల్లల మీద జరిగిన సర్వేలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. సిగరెట్ తాగినవాళ్లలో 38 శాతం, బీడీ తాగినవాళ్లలో 47 శాతం పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారు. పదేళ్లంటే ఐదో తరగతి అమ్మా. కాబట్టి ఐదో తరగతి నుంచే, ఉపన్యాసంలా కాకుండా, "పెద్దబ్బాయి ఒకడు నీకు ఇస్తే ఏమంటావు" అని ఆడించి అలవాటు చెయ్యాలి. వద్దు అనడం కూడా నోటికి సాధన కావాల్సిన పని.

కరస్పాండెంట్ గారికి ఒకటే అడుగు. మూడు నెలల టైము. ఐదుగురి తల్లిదండ్రుల చేత రాతపూర్వకంగా ఒప్పందం రాయించుకుని, వారం వారం నువ్వే ఆయనకి ఎలా ఉందో చెబుతానను. ఆయన తల్లిదండ్రుల కమిటీకి భయపడుతున్నారు, బడి పేరు పోతుందని. ఆ భయం తప్పు కాదు. కమిటీ మీటింగులో పిల్లల పేర్లు చెప్పకుండా జరిగింది ఆయనే చెప్పి, బడి ఏం చేస్తోందో కూడా ఆయనే చెబితే పుకార్లు అక్కడితో ఆగుతాయి.

మొదటి కుటుంబం రేపు పొద్దున వస్తుందన్నావు. ఏడో తరగతి పిల్లవాడి తల్లిదండ్రుల్ని ముందు పిలిచి ఉంటే బాగుండేది, కుదిరితే మార్చు. వాడికి ఇచ్చిందెవరో తెలిస్తే మిగతా నలుగురి సంగతి మాట్లాడటం తేలికవుతుంది. వాళ్లు వెళ్లాక నాకు ఫోన్ చెయ్యి. రాత్రి పది దాటినా పరవాలేదు, మెలకువగానే ఉంటాను.

ఇట్లు,
మీ పెద్ద టీచరమ్మ